తొట్టి నిండటం వేరు, బరువు నిండటం వేరు

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో, తుంగభద్ర కుడి ఒడ్డున ఉన్న కెంచనగుడ్డ వంటి వరి గ్రామాల్లో ట్రాక్టర్ ట్రాలీ ఎంత మోయాలన్నది చాలావరకు తొట్టి లోతును బట్టి, దాని అంచున బిగించిన అదనపు పలకల ఎత్తును బట్టి, బస్తాలు పేర్చే హమాలీల నేర్పును బట్టి తేలిపోతుంది. ఆ బరువునంతా చివరకు నేల మీద ఆనించి నిలబెట్టే టైర్ల ప్రస్తావన మాత్రం అవి పేలిన రోజున తప్ప రాదు. తొట్టిలో ఎంత సరుకు పడుతుందన్నది ఒక కొలత, బండి ఎంత మోయగలదన్నది మరొక కొలత. ఈ రెండూ ఒకటేననే నమ్మకం వల్ల జరిగే నష్టాన్ని, దానిని తప్పించే లెక్కను వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, సిరుగుప్ప మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. పాలన రెండుగా చీలినా ధాన్యానికి, పత్తికి, వాటిని మోసే బండ్లకు ఆ గీత పెద్ద అడ్డు కాలేదు. తుంగభద్ర కాలువల్లో నీరు పారిన తరువాత కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్న తెలుగు రైతుల ఊళ్లను నేటికీ క్యాంపులనే పిలుస్తారు. వరితో పాటు ట్రాక్టరు కూడా ఈ క్యాంపుల జీవితంలో విడదీయరాని భాగమైంది. అయితే పొలం నుంచి కళ్లానికి, కళ్లం నుంచి ఊళ్లోకి మట్టిబాట మీద మెల్లగా నడవడానికి తయారైన ట్రాలీ ఇప్పుడు సింధనూరు, సిరుగుప్ప, బళ్లారిల మీదుగా సాగే 150ఎ జాతీయ రహదారి ఎక్కి, లారీల మధ్య, ఎండకు మరిగిన తారు మీద, రైస్ మిల్లు దాకా పోవలసి వస్తోంది. పని మారింది గాని బండి మారలేదు, టైర్లు అసలే మారలేదు.

లెక్కలోకి దిగేముందు మూడు బరువులను వేరు చేసుకోవలసి ఉంటుంది. ఖాళీ బండి సొంత బరువు ఒకటి, అందులో వేసిన సరుకు బరువు ఇంకొకటి, ఈ రెండూ కలిసిన మొత్తం బరువు మూడవది. మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రాలీ కూడా మోటారు వాహనమే కనుక దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ పత్రంలో కనిపించేవి మొదటి అంకె, మూడవ అంకె కాగా, రైతుకు కావలసింది మధ్యది, అంటే మొత్తంలోంచి సొంత బరువు తీసివేయగా మిగిలేది. తొట్టికి మందపు రేకు వేయించినా, పైన పలకలు పెంచినా, అడుగున దూలాలు వెల్డింగ్ చేయించినా ఆ మేరకు సొంత బరువు పెరిగి సరుకు వాటా తగ్గుతుంది. బండి బలపడిందన్న ధైర్యంతో సరుకు పెంచడమే తరచుగా జరిగే పని. నిజానికి బలపడింది తొట్టి మాత్రమే, కింద ఉన్న ఇరుసు, కమాను కట్టలు, టైర్లు పాతవే.

తొట్టి కొలత ఎంతగా మోసం చేస్తుందో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న తొట్టిలో 120 ఘనపుటడుగుల సరుకు, అంటే దాదాపు 3.4 ఘనపు మీటర్ల సరుకు పడుతుంది. ఘనపు మీటరు వడ్లు సుమారు 580 కిలోలు తూగుతాయి కనుక అంచు దాకా పోసిన వడ్ల బరువు 2 టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. అదే తొట్టిలో అంతే ఎత్తున పొడి ఇసుక పోస్తే దాదాపు 5.4 టన్నులు, నీరు ఇంకా కారుతున్న నది ఇసుక పోస్తే 6.5 టన్నుల దాకా, పిండిగొట్టిన ఇనుప ఖనిజం పోస్తే 8 టన్నులకు పైగా అవుతుంది. కంటికి నాలుగు సందర్భాల్లోనూ తొట్టి నిండుగానే కనిపిస్తుంది, బరువులో మాత్రం నాలుగు రెట్ల తేడా వస్తుంది. వడ్లతో నిండిన ట్రాలీ ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచిందన్న అనుభవం ఇసుక వేసిన రోజున ఎందుకూ పనికిరాదు.

వడ్లలో కూడా తేమ లెక్క తప్పిస్తుంది. ఈ ప్రాంతంలో వడ్లను 75 కిలోల బస్తాగా లెక్కించడం వాడుక. ప్రభుత్వ కొనుగోలుకు గరిష్ఠంగా అనుమతించే 17 శాతం తేమ వద్ద 75 కిలోలు తూగిన గింజలే, కోత మిషన్ నుంచి అప్పుడే దిగి 24 శాతం తేమతో ఉంటే, దాదాపు 82 కిలోలు తూగుతాయి. సంచుల సంఖ్యను బట్టి సరుకు వేసే అలవాటులో 80 సంచులకు అర టన్నుకు పైగా బరువు ఎవరికీ కనబడకుండా బండెక్కుతుంది. వాన వచ్చేలోగా మిల్లుకు చేర్చాలన్న తొందర కూడా సరిగ్గా ఆ పచ్చి వడ్ల రోజుల్లోనే ఉంటుంది.

ఇక టైరు విషయం. ప్రతి టైరు పక్కగోడ మీద, అంటే నేలను తాకే భాగానికీ రిమ్ముకూ మధ్య ఉండే పల్చని గోడ మీద, దాని సామర్థ్యం అచ్చువేసి ఉంటుంది. అందులో లోడ్ ఇండెక్స్ అనే సంఖ్య కిలోలు కాదు, కిలోలను చూపే సంకేతం. 100 అని ఉంటే 800 కిలోలు, 121 అని ఉంటే 1,450 కిలోలు, 140 అని ఉంటే 2,500 కిలోలు ఆ ఒక్క టైరు మోయగల గరిష్ఠ బరువు. 152/148 వంటి జంట సంఖ్య ఉన్నప్పుడు మొదటిది ఒంటి చక్రానికి, రెండవది జోడు చక్రాలకు వర్తిస్తుంది. జోడులో ఒక్కొక్క టైరుకు తక్కువ బరువు చెప్పడానికి కారణం, రెండూ ఎన్నడూ సరిసమానంగా పంచుకోకపోవడమే. సంఖ్య పక్కన ఉండే అక్షరం వేగాన్ని సూచిస్తుంది, ఉదాహరణకు జె అంటే గంటకు 100 కిలోమీటర్లు. పీఆర్ అనే గుర్తుతో ఉండే ప్లై రేటింగ్ టైరు దృఢత్వపు తరగతిని చెబుతుందే తప్ప లోపల అన్ని పొరలున్నాయని అర్థం కాదు. వీటన్నిటిలోనూ మరవకూడనిది ఒకటే: అచ్చయిన బరువు నిర్దేశించిన గాలి పూర్తిగా ఉన్నప్పుడే నిజం, గాలి తగ్గిన కొద్దీ ఆ హామీ కూడా తగ్గిపోతుంది.

రెండు ఇరుసులు, నాలుగు టైర్లు ఉన్న ట్రాలీ ఒకదానిని ఉదాహరణగా తీసుకుంటే, ఖాళీ బండి బరువు 1.6 టన్నులు, మొత్తం బరువు 5 టన్నులకు మించరాదని రిజిస్ట్రేషన్ పత్రం, ఒక్కొక్క టైరుపై లోడ్ ఇండెక్స్ 121 అని అనుకుందాం. నాలుగు టైర్లూ కలిసి మోయగలిగేది 5.8 టన్నులు, అందులోంచి బండి బరువు తీసేస్తే 4.2 టన్నులు మిగులుతాయి. కాని పత్రం ప్రకారం మిగిలేది 3.4 టన్నులే, అంటే 45 బస్తాలు. ఇటువంటి సందర్భంలో పెద్ద అంకె వైపు మనసు లాగడం సహజం, కాని పాటించవలసింది చిన్న అంకెనే, ఎందుకంటే పత్రంలోని పరిమితి టైర్లను మాత్రమే గాక ఇరుసును, చాసిస్‌ను, బ్రేకులను కూడా లెక్కలోకి తీసుకుని నిర్ణయించినది. ఒకవేళ టైర్ల లెక్కే తక్కువగా తేలితే అప్పుడు టైరే హద్దు. గతుకుల్లో ఒక చక్రం మీదికి ఒరిగే బరువు కోసం అందులో కూడా పదోవంతైనా వదిలిపెట్టడం వివేకం. అటువంటి బండి మీద 80 బస్తాలు వేస్తే సరుకు 6 టన్నులు, మొత్తం 7.6 టన్నులు, టైరు ఒక్కింటికి 1.9 టన్నులు అవుతుంది. అది టైరు సామర్థ్యం కంటే 31 శాతం ఎక్కువ.

ఈ 31 శాతం మొదటి ప్రయాణంలోనే టైరును పేల్చదు, అందుకే ఎవరూ దీనిని నమ్మరు. టైరు తిరుగుతున్నప్పుడు నేలను తాకే చోట దాని గోడ ప్రతి చుట్టులోనూ ఒకసారి వంగి మళ్లీ నిటారవుతుంది. వంచడానికి ఖర్చయిన శక్తి పూర్తిగా తిరిగి రాక, కొంత రబ్బరులోనే వేడిగా మిగిలిపోతుంది. బరువు పెరిగినా, గాలి తగ్గినా గోడ మరింత వంగుతుంది, వేగం పెరిగితే నిమిషానికి ఎక్కువసార్లు వంగుతుంది. రబ్బరు వేడిని త్వరగా వదలదు కనుక లోపలి నైలాను దారాలకూ రబ్బరుకూ మధ్య ఉన్న పట్టు కొద్దికొద్దిగా వీడుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే బళ్లారి గాలి, దానికంటే ఎన్నో డిగ్రీలు వేడెక్కే తారు ఈ పనిని తొందరపెడతాయి. బయటికి కనిపించే మొదటి గుర్తు పక్కగోడ మీద చిన్న ఉబ్బు. ఉబ్బు కనిపించిన టైరును ఈ ఒక్క ట్రిప్పుకు చూద్దామని వాడటం తెలివితక్కువ పని, ఎందుకంటే లోపల దారాలు అప్పటికే తెగి ఉంటాయి.

గాలి కొలత గురించి వ్యాపించిన ఒక దురలవాటును కూడా ఇక్కడ సవరించాలి. ఎండలో గాలి వ్యాకోచించి టైరు పేలుతుందన్న భయంతో వేసవిలో కావాలని గాలి తక్కువ పట్టించేవారు, దారిలో వేడెక్కిన టైరు నుంచి కొంత గాలి తీసేవారు ఉన్నారు. ఉదయం 27 డిగ్రీల వద్ద 100 పీఎస్ఐ ఉన్న టైరు 30 డిగ్రీలు వేడెక్కితే పీడనం 111 దాకా పెరుగుతుంది. ఈ పెరుగుదలను దృష్టిలో పెట్టుకునే తయారీదారులు చల్లటి టైరుకు కొలత నిర్ణయిస్తారు. వేడి మీద గాలి తీస్తే టైరు చల్లబడదు, ఇంకా ఎక్కువ వంగి ఇంకా వేడెక్కుతుంది. కొలవవలసింది బండి కదలకముందు, తెల్లవారుజామున, మీటరుతోనే. కాలితో తన్ని చూడటం వల్ల తెలిసేది గాలి ఉందా లేదా అన్నది మాత్రమే. జోడు చక్రాల్లో లోపలి టైరు గాలి దిగినా బయటికి కనిపించదు, బయటి టైరు ఆ రెండింటి బరువునూ మోస్తూ పోతుంది.

ట్రాలీ టైరుకు లారీ టైరుకు లేని శత్రువు ఇంకొకటి ఉంది, అది ఖాళీగా నిలబడటం. లారీ టైరు ఏడాది పొడవునా తిరిగి అరిగి పోతుంది. ట్రాలీ రెండు కోతల మధ్య నెలల తరబడి ఇంటి ముందో, పొలం గట్టునో ఎండలో ఒకే చోట ఉండిపోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఓజోను కలిసి పక్కగోడ మీద సన్నని పగుళ్లు తెస్తాయి, రబ్బరు సాగే గుణం పోతుంది, గాళ్లు మాత్రం కొత్త టైరులా లోతుగానే ఉంటాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు కాక ఇతర వాహనాల టైర్లకు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని చెబుతుంది. ట్రాలీ టైరు ఆ పరీక్షలో సులువుగా నెగ్గి, వయసు వల్ల ఓడిపోతుంది. వయసు తెలుసుకోవడం కష్టమేమీ కాదు: పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి, 3216 అంటే 2016లో 32వ వారంలో తయారైన టైరు. బండిని దిమ్మెల మీద నిలిపి, టైర్లపై పాత గోనెపట్టా కప్పితే ఖర్చు లేకుండానే వాటి ఆయుష్షు పెరుగుతుంది.

లారీలు తీసేసిన టైర్లను ట్రాలీకి వేసుకోవడం పల్లెల్లో సాధారణమే. మెల్లగా పోయే బండికి పాత టైరు చాలునన్న వాదనలో పూర్తి అబద్ధం లేదు, వేగం తక్కువైతే వేడి తక్కువే. కాని ఒకే ఇరుసుకు ఒక వైపు కొత్తది, ఇంకొక వైపు పైరబ్బరు మార్పించిన పాతది, అవీ వేర్వేరు సైజులవి వేసినప్పుడు బరువు రెండు వైపులా సమానంగా పడక, పొదుపనుకున్నది తడిసి మోపెడవుతుంది. పెద్ద సైజు రిమ్ములకు టైరును పట్టి ఉంచే లాక్ రింగు సరిగా కూర్చోకపోతే గాలి పట్టేటప్పుడు ఎగిరి పక్కనున్నవారి ప్రాణాలు తీయగలదు; ఇనుప పంజరం లేని పంక్చర్ షాపులో కనీసం రింగుకు ఎదురుగా నిలబడకుండా గాలి పట్టించాలి.

టైర్లు నిలిచినంత మాత్రాన బండి ఆగుతుందని చెప్పలేము. ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోయినా, ఉండి పనిచేయకపోయినా, రెండు టన్నుల ట్రాక్టరు తనకంటే మూడు నాలుగు రెట్ల బరువును ఆపవలసి వస్తుంది. వంతెన దిగుడులోనో, కాలువ గట్టు మలుపులోనో వెనుక బరువు ముందు ట్రాక్టరును నెట్టి పక్కకు మడిచేస్తుంది. ట్రాక్టరుకు ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉండటం దుక్కిలో తిప్పడానికి మేలే, రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కలిపే గొళ్లెం వేయకపోతే ఒక వైపే బ్రేకు పడి బోల్తా కొడుతుంది. ఒకే ఇరుసున్న రెండు చక్రాల ట్రాలీలో సరుకు వెనక్కి పేరిస్తే హుక్కు పైకి లేచి ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది, మరీ ముందుకు పేరిస్తే ముందు చక్రాలు తేలి స్టీరింగు లొంగదు. ఆదోని మార్కెట్‌కు పోయే పత్తి, వరిగడ్డి విషయంలో సమస్య తలకిందులవుతుంది: అక్కడ టైరు మీద బరువు తక్కువే, కాని ఎత్తు, వెడల్పు హద్దు దాటి, గాలికీ మలుపుకీ బండి ఒరుగుతుంది, వెనుక దీపాలూ రిఫ్లెక్టర్లూ గడ్డి కింద కప్పబడిపోతాయి. వాటి మీద కూలీలు కూర్చుని రావడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

అధిక బరువు అంటే ఏమిటో బళ్లారి జిల్లాకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇనుప ఖనిజం గిరాకీ ఉధృతంగా ఉన్న సంవత్సరాల్లో సండూరు, హొసపేట ప్రాంతాల నుంచి రేవులకు సాగిన లారీలు మోసిన అధిక బరువును కర్ణాటక లోకాయుక్త జస్టిస్ ఎన్. సంతోష్ హెగ్డే 2008 నివేదిక ప్రత్యేకంగా ఎత్తిచూపింది. 2011 జూలైలో రెండవ నివేదిక వెలువడగా, అదే నెల 29న సుప్రీంకోర్టు జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసింది. రోడ్లు ఎందుకు అంత త్వరగా ఛిద్రమయ్యాయో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు జరిగిన రహదారి పరీక్ష వివరిస్తుంది: ఇరుసు మీది బరువు పెరిగితే రోడ్డుకు కలిగే నష్టం దాదాపు ఆ బరువు నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. ముందు చెప్పిన 31 శాతం అధిక బరువుకు దాదాపు మూడు రెట్లు. గ్రామ రోడ్డు గుంతల్లో లారీల వాటాతో పాటు ట్రాలీల వాటా కూడా ఉందని ఒప్పుకోవడం కష్టమే.

చట్టం అధిక బరువుకు 2019 సవరణ తరువాత 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్ను ఒక్కింటికి మరో 2,000 విధిస్తుంది. తూకానికి ఆగకుండా పోతే 40,000. జరిమానా కట్టినంత మాత్రాన అదే బరువుతో ముందుకు పోయే హక్కు రాదని, అదనపు సరుకు దించవలసిందేనని సుప్రీంకోర్టు 2005లోనే స్పష్టం చేసింది. 2018 జూలైలో కేంద్రం సరుకు వాహనాల ఇరుసు పరిమితులను పెంచి, నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 నుంచి 11.5 టన్నులకు, జంట ఇరుసులకు 19 నుంచి 21 టన్నులకు అనుమతించినప్పుడు ఈ అంకెలు అన్ని బండ్లకూ వర్తిస్తాయన్న అపోహ వ్యాపించింది. గెజెట్‌లో అంకె మారితే పాత బండి ఇరుసు లావెక్కదు.

ఇంత లెక్కకు ఆధారమైన తూకం ఎక్కడో కాదు, సరుకు అమ్మే ప్రతి మిల్లులోనూ ఉంది. చిక్కల్లా కాటా ప్రయాణం చివర ఉండటమే: బరువెంతో తెలిసేసరికి ప్రమాదకరమైన దారి అంతా దాటిపోయి ఉంటుంది, చేతికొచ్చిన చీటీలో రైతు చూసేది డబ్బు వచ్చే నికర బరువును ఒక్కటే. ఆ చీటీలోనే నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు కూడా అచ్చవుతాయి. ట్రాక్టరుతో కలిపి తూచినప్పుడు మాత్రం ట్రాక్టరు బరువు విడిగా తీసివేయాలి. కాటా పలక మీద ట్రాలీ చక్రాలను మాత్రమే నిలిపి ఒకసారి, వెనుక ఇరుసును ఒక్కటే నిలిపి ఇంకొకసారి తూపించుకుంటే ముందు ఇరుసు వాటా, వెనుక ఇరుసు వాటా విడివిడిగా తేలి, ఒక్కొక్క టైరు మీద ఎంత పడుతున్నదో దాని పక్కగోడ మీది అంకెతో సరిపోల్చవచ్చు. ఇదంతా ఒక కోతకాలంలో ఒక్కసారి చేయవలసిన పని. ఖాళీ బండి బరువున్న ఆ చీటీని రిజిస్ట్రేషన్ పత్రంతో పాటు ట్రాక్టరు పనిముట్ల డబ్బాలో ఉంచుకుంటే, తరువాతి లోడుకు ఎన్ని బస్తాలన్నది పొలంలోనే, హమాలీలు మొదటి బస్తా ఎత్తకముందే తేలిపోతుంది.